నాదఋణము

ఒక పట్టణమున ముప్పది నలువది సంవత్సరములు పాడి, పలువురకు విద్య నేర్పిన సంగీతవిద్వాంసుడొకడు గతించును. అచ్చటి రసికులు కొందరు కూడి, ఆయన పేర నొక సంగీతసభ జరుపవలెననియు, టిక్కెట్ల వలనను చందాల వలనను వచ్చిన ద్రవ్యమును ఆయన కుటుంబమునకో, పేదవిద్యార్థులకో, వైద్యశాలకో సమర్పింపవలెననియు నిశ్చయింతురు. మన దేశమున ఇది పరిపాటియైన సత్కార్యము. దీనిని ప్రశ్నించువాడు తప్పులెన్నువాడని పేరు తెచ్చుకొనును. అయినను ప్రశ్న యొకటి ఉండనే యున్నది. ఆ సభలో ఇచ్చువారెవరు? పుచ్చుకొనువారెవరు?

టిక్కెట్టు కొన్నవారు ఇచ్చుచున్నారు, కుటుంబమువారు పుచ్చుకొనుచున్నారు అని పైచూపునకు తోచును. కాని కొన్నవానికి మూడుగంటల గానము దక్కినది. అధికముగా నిచ్చినవానికి ముందువరుసలో ఆసనమును, కరపత్రమున పేరును దక్కినవి. భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములుగా విభజింపబడినది. ప్రత్యుపకారము కోరక, ఇవ్వవలసినదే యను బుద్ధితో, దేశకాలపాత్రముల నెఱిగి ఇచ్చునది సాత్త్వికము. ఫలము నాశించి ఇచ్చునది రాజసము. ఈ కొలతతో కొలిచినచో టిక్కెట్టు సొమ్ములో దానమనదగినది స్వల్పమే. అందువలన సభ జరుపరాదని కాదు. ఇట్టి సభకు దానమను మాట తగునా యన్నదే విచారింపవలసినది.

తగిన మాట వేఱొకటి మన శాస్త్రములలోనే కలదు. మనుష్యుడు ఋణములతో పుట్టుచున్నాడనియు, అందు ఋషిఋణము విద్యను అభ్యసించి, నిలిపి, తరువాతివారికి అందించుటచే తీరుననియు పెద్దలు చెప్పిరి. విద్వాంసుడు పాడుచు, నేర్పుచు తన ఋణమును తీర్చుకొనిపోయెను. వినినవారి మాటయేమి? శ్రీరామనవమి పందిళ్ళలో ఒక్క కాసైన చెల్లింపక ఏండ్ల తరబడి ఆయన పాట వినినవారు, బిడ్డల పెండ్లిండ్లలో పాడించుకొని తాంబూలముతో సరిపుచ్చినవారు, జీతము బాకీపెట్టి పిల్లలకు సంగీతము చెప్పించుకొనినవారు ఆ ఊరిలో ఎందరో యుందురు. వారు ఆయన మరణానంతరము తెచ్చి ఇచ్చునది దానమెట్లగును? అది బాకీలో ఒక భాగము మాత్రమే.

ఈ భేదము మాటలలోనిదే యని తోచవచ్చును. సభ నాటి రాత్రి వేదికను చూచినచో అట్లు తోచదు. మధ్యలో గానమును ఆపి, గతించిన వాని భార్యను వేదికపైకి పిలుతురు. ఆ కుటుంబము పడుచున్న ఇక్కట్లను వక్త యొకడు కరుణరసముతో వర్ణించును. వేయిమంది చూచుచుండగా ఆమె తలవంచుకొని సంచి నందుకొనును. ఋణదాతను యాచకుని స్థానమున నిలుపుట యన ఇదియే. దానమని తలచినవానికి ఇందు దోషము కనబడదు. ఋణమని తలచినవాడు ఆ సొమ్మును మఱునాడు ఇంటికి పోయి, గడప యొద్ద చెప్పులు విడిచి, ఇచ్చివచ్చును.

త్యాగరాజస్వామి జీవితమున ఈ విషయమును వెలిగించు సంగతి యొకటి కలదు. తంజావూరు ప్రభువైన శరభోజి ఆహ్వానమును, ధనమును ఆయన నిరాకరించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ నిరాకరణము జగత్ప్రసిద్ధము. కాని అంతటి ధనమును కాదన్న ఆయనయే తిరువయ్యారు వీధులలో పాడుచు, ఇల్లాండ్రు తెచ్చి పోసిన బియ్యమును స్వీకరించి ఉంఛవృత్తితో జీవించెను. రాజు నొద్ద పుచ్చుకొనుట తప్పైనచో పేదయిల్లాలి యొద్ద పుచ్చుకొనుట ఒప్పెట్లైనది?

పిడికెడు బియ్యము ఎవ్వరిని యజమానిని చేయదు. నలువది ఇండ్ల బియ్యము ఒకే పాత్రలో కలిసిన తరువాత ఏ గింజ ఎవ్వరిదో చెప్పజాలరు. రాజు ఇచ్చిన ధనమునకు రాజు పేరు అంటియే యుండును. ఏదో యొకనాడు ఆ పేరు పాటలోనికి చొరబడును. అంతేకాదు, వీధిలో పాడిన పాట బియ్యమునకు వెల కాదు. పోసిన ఇంటివారును వినిరి, పోయనివారును వినిరి. నాటికి చాలినంత దొరకినచో అది చాలును.

ఉంఛమనగా కోత ముగిసిన చేలలో రాలిన గింజల నేరుకొనుట. మహాభారతమున ఆశ్వమేధిక పర్వమందలి ముంగిస కథ యెల్లరెఱిగినదే. కురుక్షేత్రమున ఉంఛవృత్తితో బ్రదుకు బ్రాహ్మణుడొకడు, కఱవునాడు తన కుటుంబమున కున్న పేలపిండి నంతయు అతిథికి సమర్పించెను. ఆ స్థలమున పొర్లిన ముంగిసకు సగము మేను బంగారమైనది. మిగిలిన సగము కొఱకు ధర్మరాజు యాగశాలకు వచ్చి పొర్లినను ఏమియు కాలేదు. యాగము చిన్నదనియా? కాదు. ఇచ్చినవానికి ఎంత మిగిలినదన్నది ఆ ముంగిస కొలత.

ఆ కొలతను మన సభానిర్వాహకులకు చేత నిచ్చినచో పెక్కుసంగతులు బయటపడును. ఒక్క ధనికుడు సగము వ్యయమును భరించిన సభలో ఎవరు పాడవలెనో, ఎవరు అధ్యక్షత వహింపవలెనో, తుదకు గాయకుడు ఏ రాగమును ఎంతసేపు విస్తరింపవలెనో ఆయనయే నిర్ణయించును. నూఱుమంది తలకొక కొంచెము వేసికొనిన సభలో అట్టి బాధ లేదు. పని మాత్రము పదింతలు. ఇంటింటికి తిరుగవలెను, రసీదులు వ్రాయవలెను. రెండవ మార్గము కష్టమైనందుననే మొదటిది ప్రబలినది.

ఇంకొకటి చాలమంది గమనింపనిది. స్మారకసభయని చెప్పి విద్వాంసులను పారితోషికము లేకుండ పాడుమందురు. ప్రధానగాయకుడు సంతోషముతో అంగీకరించును. అది ఆయనకు శోభ. ఆ త్యాగము వార్తాపత్రికలో పడును. ప్రక్కన మృదంగము వాయించువానికి, వెనుక తంబురా మీటువానికి ఆ పూట రావలసిన వేతనమే మఱునాటి గ్రాసము. వారిని ఎవ్వరును అడుగరు. అడిగినను, గతించిన మహనీయుని పేర అడిగినప్పుడు కాదనుటకు నోరు రాదు. ఒకరి త్యాగమును మఱొకరు చేసి పేరు పొందుట ధర్మమగునా? ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1944లో కస్తూరిబా స్మారకనిధికై కచేరీలు చేసెను. తన వేంకటేశ్వర సుప్రభాతపు రికార్డుల రాబడిని తిరుమల తిరుపతి దేవస్థానముల వేదపాఠశాలకు విడిచెను. 1974లో ప్రజాసేవకై రామన్ మెగసెసే బహుమానము ఆమెను వరించినది. ఆమె విడిచినది తన సొత్తును. ఆ మాట మఱచి, ఆమెను ఉదాహరించి పేదవాద్యకారుని వేతనమును ఎగవేయుట ఆమెకును గౌరవము కాదు.

లెక్కల సంగతి చిన్నదిగా తోచును, కాని చిన్నది కాదు. తూర్పు పాకిస్తాను శరణార్థులకై పండిత రవిశంకర్ వేదన చెందగా, ఆయన మిత్రుడు జార్జ్ హారిసన్‌తో కలిసి 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో రెండు కచేరీలు జరిపించెను. ద్వారము వద్ద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు చేరినవి. కాని పిదప వెలువడిన రికార్డుల రాబడి, ధర్మకార్యమను ఏర్పాటు ముందుగా పత్రముల మీద జరుగకపోవుటచే, పన్నుల చిక్కులలో పడి ఏండ్ల తరబడి నిలిచిపోయినది. అందఱి హృదయములు నిర్మలములే. అయినను, ఆకలిగొన్నవాడు ఇచ్చినవారి హృదయమును భుజింపజాలడు.

మరల తిరువయ్యారునకు వత్తము. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందెను. కాలక్రమమున కావేరి ఒడ్డునున్న ఆ సమాధి శిథిలమైనది. 1903లో వృద్ధులైన శిష్యులు ఉమయాళ్పురము కృష్ణ భాగవతారును సుందర భాగవతారును దానిని వెదకి బాగుచేయించిరి. కొన్నియేండ్లకు అచ్చట ఏటేట ఆరాధన ప్రారంభమైనది. ప్రారంభమైన కొలదికాలమునకే నిర్వాహకులు పెద్దకక్షి, చిన్నకక్షి యని రెండుగా చీలిపోయిరి. రామనామము దప్ప మఱొకటి కోరని మహాత్ముని ఆరాధించువారు, ఆరాధించు అధికారము ఎవరిదని తగవులాడిరి! నవ్వుటకు తగినదే కాని, మన ఊళ్ళ స్మారకసంఘములలో ఇది నేటికిని జరుగుచున్నది గనుక నవ్వుట కష్టము.

1921లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ సమాధి దుస్థితిని విని కదలినది. ఆమె దేవదాసీకులమున జన్మించిన గాయకురాలు, విదుషి. జీవితమంతయు పాడి గడించిన సొత్తును వెచ్చించి, సమాధికి ఆలయము కట్టించి, విగ్రహమును ప్రతిష్ఠింపజేసినది. అయినను ఆ సన్నిధిలో పాడుటకు స్త్రీలకు అవకాశము లేకుండెను. ఆలయము ఆమె కట్టించినది; పాట పురుషులది! ధనము పుచ్చుకొనుటకు అడ్డురాని ఆచారము గొంతు విప్పినప్పుడు అడ్డువచ్చినది. ఆమె కట్టినదానిని కూల్చలేదు, ఇచ్చినదానిని వెనుకకు అడుగలేదు. స్త్రీలను కూర్చుకొని, ఆ ఆవరణమందే వేరుగా ఆరాధన జరిపినది. చాల యేండ్లకు, 1940 ప్రాంతమున, కక్షులన్నియు ఏకమైనవి. అందఱు కలిసి పంచరత్నకీర్తనలు పాడు పద్ధతియు ఆ ఐక్యము తరువాతనే స్థిరపడినది.

వేదికమీద ఒక్కడు పాడ వేయిమంది వినుటకును, వేయిమంది కలిసి పాడుటకును గల భేదము ఇచ్చట గ్రహింపదగినది. కలిసి పాడునప్పుడు ఎవ్వరి గొంతును వేఱుగా వినబడదు. ప్రసిద్ధవిద్వాంసుని ప్రక్కన నిన్న మొన్న వర్ణములు ముగించిన బాలిక కూర్చుండి పాడును. ఉంఛపాత్రలోని బియ్యమువలె అన్ని స్వరములును ఒకటియగును. తెలుగు మాతృభాషగా గలవారు కొందరు, ఆ భాషను కీర్తనలలోనే నేర్చినవారు పెక్కురు.

నాగరత్నమ్మ 1952లో గతించినది. ఆమె సమాధియు స్వామి సమాధికి సమీపమునే కలదు. దానిపై ఆమె విగ్రహము స్వామివైపు తిరిగి అంజలి ఘటించియున్నది. ఏటేట పుష్య బహుళ పంచమి ఉదయమున, స్వామి నివసించిన వీధినుండి ఉంఛవృత్తి భజనగా పాడుచు బయలుదేరినవారు కావేరి ఒడ్డునకు చేరి, ఆ చేతుల యెదుటనే లోనికి ప్రవేశింతురు.