మూత్రపిండము బాకీయా, కానుకయా?

ధ్యానభాగము: ఫిలేమోను 8–14



కీర్తన 139:13లో దేవుడు తన అంతరింద్రియములను కలుగజేసెనని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. హెబ్రీలో అక్కడ ఉన్న మాటకు మూత్రపిండములని అర్థము. లేవీయకాండము 3వ అధ్యాయములో బలిపశువు మూత్రగ్రంథులను గూర్చి చదువునప్పుడు వచ్చునదియు ఆ మాటయే. మనుష్యుని లోతైన తలంపులకు అవి నివాసమని పూర్వులు ఎంచిరి. నేడు పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో ఏ యింట కిడ్నీ జబ్బు వచ్చినను ఆ యింటివారి తలంపులన్నియు నిజముగానే అక్కడికి చేరును.

ఆ జబ్బులలో ఒకటి తరతరములుగా కుటుంబములలో దిగివచ్చునది. పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు అని డాక్టర్లు పిలుతురు. రెండు మూత్రపిండములలోను నీటిబుడగలు పుట్టి, యేండ్ల తరబడి పెరిగి, మంచి భాగమును నొక్కివేయును. చాలమందికి నడివయస్సు వరకు తెలియనే తెలియదు. తల్లికి గాని తండ్రికి గాని ఉన్నయెడల, పుట్టిన ప్రతి బిడ్డకును అది వచ్చుటకు సగము అవకాశము కలదు. ఇది ఎవరి పాపమోయని అరుగుల మీద చెప్పుకొనువారు యోహాను 9వ అధ్యాయము తెరచి, శిష్యులు అటువంటి ప్రశ్నయే అడిగినప్పుడు ప్రభువు దానిని ఎట్లు త్రోసివేసెనో చూడవలెను.

మూత్రపిండములు బొత్తిగా పని మానినప్పుడు డయాలసిస్ గాని, మార్పిడి గాని చేయవలెను. మార్పిడికి రోగిని సిద్ధపరచుట నెలల పని. గుండెను, రక్తపోటును చూతురు. పంటి చీము సహితము వెదకుదురు. ఇంటిలో ఎవరికైనను మెదడులో నెత్తురునాళము చిట్లియున్నయెడల తలకు కూడ పరీక్ష చేయుదురు. పాత మూత్రపిండములను సాధారణముగా అట్లే ఉంచి, క్రొత్తదానిని పొత్తికడుపులో అమర్చుదురు. అయితే ఈ జబ్బులో అవి మిక్కిలి పెద్దవై చోటు లేకపోయినను, మాటిమాటికి చీము పట్టినను, నెత్తురు పోయినను తీసివేయవలసి వచ్చును. క్రొత్తదానికి ఈ బుడగల జబ్బు రాదు. మందులు మాత్రము ఆ మూత్రపిండము పనిచేయునంత కాలము మానరాదు.

ఇది డాక్టర్లు ఎరిగిన పని. మనలను కలవరపెట్టునది ఇంటివారి సిద్ధపాటు. అన్నకు ఇచ్చుటకు తమ్ముడు వెళ్లును. తనకును అదే జబ్బు కలదని తెలిసికొని తిరిగివచ్చును. వయస్సు తక్కువైనవారిలో మామూలు స్కానింగులో బుడగలు కనబడనంత మాత్రమున జబ్బు లేదని చెప్పలేరు, ఎం.ఆర్.ఐ., జన్యు పరీక్ష అవసరము కావచ్చును. పెండ్లికాని చెల్లెలైతే, ఆ కాగితములోని సంగతి సంబంధము చూడవచ్చినవారి చెవిని పడునేమోయని భయము. కాబట్టి పరీక్షకు రమ్మని పిలుచుటకు ముందే, అందులో ఏమేమి బయటపడవచ్చునో ఆమెకు చెప్పుట న్యాయము.

ఇక భార్య. ఆమెది వేరు రక్తము గనుక ఆమెకు ఈ జబ్బు ఉండుట అరుదు. అందుచేతనే అందరి కన్నులు ఆమె మీద పడును. మన దేశములో బ్రతికియుండి మూత్రపిండమిచ్చువారిలో స్త్రీలే ఎక్కువ. భార్యకు అవసరమైనప్పుడు మగవాని చుట్టు ఇంతమంది కూర్చుందురా అని మనము అడుగక తప్పదు.

రెండు అంగీలు గలవాడు ఒకటి ఇయ్యవలెనని యోహాను బోధించెను గదా (లూకా 3:11) అని కొందరు అందురు. నిజమే. కాని మేమేమి చేయవలెనని తామే వచ్చి అడిగినవారికి అతడు ఆ మాట చెప్పెను. ఇల్లిల్లు తిరిగి అంగీలు లాగుకొనలేదు. సహోదరుల నిమిత్తము ప్రాణము పెట్టవలెనను ఆజ్ఞ (1 యోహాను 3:16) మనలో ప్రతివాడు తనకై వినవలసినది. దానిని ప్రక్కవాని మీదికి త్రిప్పినయెడల సమను కాగితమగును. పౌలు ఫిలేమోనును ఆజ్ఞాపింపగల అధికారము తనకున్నను, ఆ మేలు బలవంతముచేత జరుగరాదని ఊరకుండెను.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టను నగరములో డాక్టరు జోసెఫ్ మర్రే తొలిసారి మూత్రపిండ మార్పిడిని విజయవంతముగా చేసెను. రిచర్డ్ హెర్రిక్‌కు అతని కవల సహోదరుడు రోనాల్డ్ ఇచ్చెను. (రిచర్డ్ జబ్బు వేరు, బుడగల జబ్బు కాదు.) ముందు రాత్రి రోగియే సహోదరునికి చీటి వ్రాసి, ఇంటికి పొమ్మనెను; తాను వచ్చితిననియు, ఉండెదననియు అతడు బదులు వ్రాసెను. రిచర్డ్ మరి ఎనిమిదేండ్లు బ్రదికెను. రోనాల్డ్ 2010 వరకు జీవించెను. శస్త్రచికిత్స కంటె ఆ చీటియే మనకు గొప్పగా తోచుచున్నది. ఇమ్మని అడుగుటకు అందరికంటె ఎక్కువ కారణమున్నవాడే వెళ్లుటకు తలుపు తెరచెను.

మన దేశములో 1971లో మార్పిడి చేసిన వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలను మన సంఘములు ఎరుగును. 1994 నాటి చట్టము అవయవముల అమ్మకమును నేరముగా ఎంచినది. దాతను ఒంటరిగా కూర్చుండబెట్టి మనస్సు కనుగొనుట మంచి వైద్యుల పద్ధతి. ఆమెకు ఇష్టము లేనియెడల కారణము బయటపెట్టక, ఈమె దాతగా సరిపోదని మాత్రము ఇంటివారితో చెప్పువారు కలరు. ఇది అబద్ధమా? మనకట్లు తోచదు. ఇష్టము లేనివాడు దాతగా నిజముగానే సరిపోడు. ఇంటిలో ఇచ్చువారు లేని రోగి, మరణించినవారి అవయవము కొరకు జీవన్‌దాన్‌లో పేరు వ్రాయించుకొనవచ్చును.

ఇచ్చినవారు కొన్ని వారములు బరువులెత్తరాదు. సుగ్గికి పోయి మిరపకాయలు కోయవలసిన దినములలో ఆపరేషను పడినయెడల ఆ యేటి కూలి పోవును. సంఘపెద్దలు దారిఖర్చులును, ఇంటి గింజలును ముందుగానే చూడవలెను. ఇయ్యలేనన్న కోడలు ఆదివారము గుడికి వచ్చినప్పుడు, మన స్త్రీలు చాపమీద జరిగి ఆమెకు చోటియ్యవలెను.