శాంతికి గడువు

మనస్సును నిలుపుట తనవలన గాదని అర్జునుడు చేతులెత్తివేసిన ఘట్టము పాఠకులెఱిగినదే. భగవానుడు అభ్యాసమును వైరాగ్యమును ఉపాయములుగా బోధించెనే గాని, ఇన్నినాళ్ళకు ఫలించునని గడువు చెప్పలేదు. ఆ లోటును ఇప్పుడు చేతిలోని ఫోను తీర్చుచున్నది. ప్రాతఃకాలమున పది నిమిషములు కన్నులు మూసికొని, గంట మ్రోగినంతనే ఆనాటి లెక్క చూచి మురిసి, కాఫీ చల్లారకమునుపే వాట్సాపులో బావమఱదితో ఆస్తి తగవునకు దిగు పెద్దమనుషులను నేనెఱుగుదును. అదేమని అడిగిన, ధ్యానమువలన మెదడే మారునని శాస్త్రజ్ఞులు తేల్చిరి కదా అందురు.

తేల్చినది ఎవరి మెదడునుగూర్చి? అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ డేవిడ్‌సన్ బృందమువారు పరీక్షించి 2004లో ప్రకటించిన ఎనమండుగురు టిబెటు బౌద్ధ సాధకులు, 15 మొదలు 40 ఏండ్ల కాలమున 10,000 మొదలు 50,000 గంటలవఱకు ధ్యానము సలిపినవారు. శిరస్సున తీగల వల తొడిగి చూడగా, గామా తరంగములు అసాధారణ బలముతో లేచి, దూరదూరముననున్న మెదడు భాగములు ఒక్క లయలో స్పందించుట కానవచ్చెను. వారము దినములు నేర్చిన విద్యార్థులలో ఆ మార్పు స్వల్పము. ధ్యానమునకు ఉపక్రమింపకమునుపే సాధకులలో ఆ లక్షణము హెచ్చుగా నుండుటయు, అది వయస్సుతో గాక సాధన చేసిన గంటలతో ముడివడియుండుటయు గమనింపదగినవి. ఎనమండుగురిని చూచి లోకమునకెల్ల సిద్ధాంతము చేయరాదనుట వేఱుమాట. ఆ విశ్వవిద్యాలయమువారే 2022లో, ఎనిమిది వారముల శిక్షణచే మెదడు నిర్మాణమున మార్పేమియు కనబడలేదని ప్రకటించిరి. ఈ వార్తను మాత్రము మనవారెవరును ఒకరికొకరు పంపుకొనలేదు.

అయినను నా మనస్సును పట్టినది గంటల లెక్క కాదు. ఆ సాధకులు ఆనాడు చేసినది తమ శాంతికొఱకైన ధ్యానము కానే కాదు. ఏ యొక్కరిని ఉద్దేశింపక సకల జీవులయెడ కరుణతో చిత్తమును నింపుకొనుట. అట్టి చిత్తము మందకొడిగా నిద్రించుటలేదు, మహోద్ధృతముగా మేల్కొనియున్నదని యంత్రమే చూపినది. మనమన్ననో, మన నిద్ర, మన రక్తపుపోటు, మన ఆఫీసు చికాకు, వీనికొక మాత్రవలె ధ్యానమును మ్రింగుచున్నాము. ప్రక్కగదిలోని ముసలితల్లి దగ్గు ఏకాగ్రతకు భంగమని తలుపు బిగించుకొని కూర్చుండువాడు పదివేల గంటలు పూర్తిచేసినను, వాని తలపై వల తొడిగి ఏ తరంగమును వెదకవలెనో నాకు తోచదు.