సాక్షి సంతకం



మొన్న చెల్పూర్‌లో ఆదివారం పూజ ముగిశాక ఒక రైతు గుడి మెట్ల దగ్గర నా కోసం ఆగాడు. ఊళ్లో పలుకుబడి గల బంధువు ఒకాయన భూమి కాగితం మీద సాక్షి సంతకం పెట్టమన్నాడట. కాగితంలో ఉన్నది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పొలం పోయేది భర్త లేని ఒక ఇల్లాలికి. "పెట్టకుంటే ఊర్లె బతకనిస్తరా ఫాదర్? బలమున్నోడు చెప్పిందే న్యాయం" అన్నాడు.

సుమారు 2400 ఏళ్ల కిందట ప్లేటో రాసిన 'రిపబ్లిక్' గ్రంథంలో థ్రాసిమకస్ అనే పండితుడు ఇదే మాట అంటాడు. న్యాయమంటే బలవంతుడి లాభమేనని అతని వాదన. దొంగల ముఠా కూడా తమలో తాము న్యాయం పాటించకపోతే ఒక్క దొంగతనమైనా చేయలేదు గదా అని సోక్రటీస్ జవాబు. గురువిద్యాలయంలో చదివిన రోజుల్లో ఆ జవాబుతో చర్చ ముగిసిందనుకున్నాను. ఇప్పుడు అంత తేలిక అనిపించడం లేదు.

మన జనగామ ప్రాంతపు షేక్ బందగీని తలచుకోండి. కామారెడ్డిగూడెం పేద రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలాన్ని ఎదిరించి కోర్టుకెక్కాడు, గెలిచాడు. గెలిచినందుకే 1940 దశకం తొలినాళ్లలో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను నరికి చంపారు. మరి థ్రాసిమకస్ మాటే నెగ్గిందా?

ఇక్కడ సోక్రటీస్ వాదన కంటే ఆయన చేసిన పని నాకు ఎక్కువ ఉపయోగపడింది. క్రీ.పూ. 404లో ఏథెన్స్ యుద్ధంలో ఓడిపోగా ముప్పై మంది పెత్తందారులు అధికారం చేజిక్కించుకున్నారు. సలమీస్ ద్వీపానికి చెందిన లియోన్ అనే నిరపరాధిని చంపడానికి పట్టుకురమ్మని ఐదుగురిని పంపారు. వారిలో సోక్రటీస్ ఒకరు. నలుగురు వెళ్లారు. ఆయన ఏమీ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయారు. పాపంలో వీలైనంత మందిని ఇరికించాలనే ఆ ముప్పై మంది ఇటువంటి పనులు పురమాయించేవారట. పెత్తందారు ఒంటరిగా ఏమీ చేయలేడు. అతనికి మోసే చేతులు కావాలి, కత్తి పట్టేవాడు కావాలి, సంతకం పెట్టేవాడు కావాలి. ఎనిమిదవ ఆజ్ఞ మనల్ని ఆపేది సరిగ్గా అక్కడే.

ఈ కథంతా ఆ రైతుకు చెప్పాను. నీకేమీ కాదులే అని మాత్రం చెప్పలేదు. సోక్రటీస్ ఇంటికి వెళ్లినా లియోన్ బతకలేదు. ఆ ప్రభుత్వం త్వరగా కూలకపోతే తన ప్రాణమూ పోయేదని సోక్రటీసే చెప్పుకున్నారు.

"పోయిన నలుగురి పేర్లేంది ఫాదర్?" అని అడిగాడు. సోక్రటీస్ ఆ పేర్లు చెప్పలేదన్నాను. కాసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. బంధువు దగ్గరకు నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. బుధవారం తానే వెళ్లి చెప్పి వస్తానని, ఇంట్లో భార్యకు ఇంకా తెలియదని, ముందు ఆమెతో మాట్లాడాలని చెప్పి సైకిలెక్కాడు.