ఖాళీ ఒక్కటే

బలవంతుడొకడు, బలహీనుడొకడు మన ముందు నిలబడ్డారు. ఉన్న ఖాళీ ఒక్కటే. ఎవరిని తీసుకోవడం న్యాయం? బడిలో, ఆఫీసులో, పొలం పనుల్లో, చివరకు ఊరి వాలీబాల్ జట్టులో సైతం మనకు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఈ మధ్య ఇదే ప్రశ్న ఒక కంప్యూటర్ ఆట రూపంలో నా దగ్గరకు వచ్చింది. ఆటలో నీతిశాస్త్రమేమిటని పెద్దలు నవ్వవచ్చు. కాని మన యువతీయువకులు దానిమీద తీవ్రంగానే వాదించుకుంటున్నారు, ఆ వాదనలో పసవుంది.

ఆట పేరు 'డిస్పాచ్'. అమెరికాలోని ఆడ్‌హాక్ స్టూడియో వారు 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో ఎనిమిది భాగాలుగా విడుదల చేశారు. (తల్లిదండ్రులకు ఒక మాట: ఇది పెద్దవారి కోసం చేసిన ఆట. బూతు మాటలు, చూడదగని దృశ్యాలు అందులో ఉన్నాయి. పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు.) కథ ఇలా సాగుతుంది. రాబర్ట్ రాబర్ట్‌సన్ అనే వీరుడు తన యంత్రకవచం ధ్వంసమై, లాస్ ఏంజిలెస్ దగ్గరి టోరెన్స్‌లో ఒక ఆఫీసు ఉద్యోగానికి కుదురుతాడు. ఆపదలో ఉన్నవారు ఫోను చేస్తారు. ఎక్కడికి ఏ వీరుణ్ణి పంపాలో అతడు కుర్చీలో కూర్చుని నిర్ణయించాలి. అతని చేతికిచ్చిన జట్టేమో ఒకప్పుడు దుర్మార్గులుగా తిరిగి, ఇప్పుడు దారికి రావాలని ప్రయత్నిస్తున్నవారు. వారిలో ఒకరిని తొలగించక తప్పని పరిస్థితి వస్తుంది. ఆ తరువాత, ఖాళీ అయిన చోటికి ఇద్దరిలో ఒకరిని చేర్చుకోవాలి.

మొదటివాడు ఫినామామ్యాన్. వేరే గ్రహం నుంచి వచ్చినవాడు, ఎగరగలడు, అపార బలశాలి. కాని ప్రేమించిన స్త్రీ దూరమైందన్న దిగులుతో కుంగిపోయి ఉన్నాడు. రెండవవాడు వాటర్‌బాయ్. అదే ఆఫీసులో నేల తుడిచే కుర్రవాడు. నీళ్లు చిమ్మడమొక్కటే అతని శక్తి. అదీ చూసేవారికి నవ్వు తెప్పించే పద్ధతిలో. మాట తడబడుతుంది, నలుగురిలో బెదురు. ఎప్పటికైనా వీరుడు కావాలని మాత్రం అతని ఆశ.

ఆటలో ప్రతి వీరుని సామర్థ్యాన్ని ఐదు కోణాల బొమ్మగా గీసి చూపుతారు: పోరాటం, దేహదారుఢ్యం, వేగం, మాటనేర్పు, తెలివి. వచ్చిన ఆపదకు కూడా అటువంటి బొమ్మే ఉంటుంది. రెండూ ఒకదానిమీద ఒకటి ఎంతమేరకు పడితే గెలిచే అవకాశం అంత. వాటర్‌బాయ్ బొమ్మ మొదట్లో చుక్కంత ఉంటుంది.

మా విచారణలో ఈ ఆట ఆడిన అన్నదమ్ములు ఇద్దరున్నారు. పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగస్థుడు, చిన్నవాడు ఇంజనీరింగు ముగించాడు. పెద్దవాడు ఫినామామ్యాన్‌ను తీసుకున్నాడు. చిన్నవాడు వాటర్‌బాయ్‌ని తీసుకుని, "పాపం, వాడికెవరిస్తారు ఫాదర్ అవకాశం?" అన్నాడు. "కాలుతున్న ఇంట్లో ఉన్నవాడు నీ పాపాన్ని ఏం చేసుకుంటాడురా?" అని అన్న ఎదురు ప్రశ్న. తీర్పు చెప్పమని ఇద్దరూ నా మొహం చూశారు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత అక్వినా తోమాసు వారు పక్షపాతాన్ని గురించి రాసిన భాగం మాకు పాఠంగా ఉండేది. 'సుమ్మా తియొలొజియె' రెండవ భాగపు రెండవ ఖండంలో 63వ ప్రశ్న అది. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఏ వస్తువునైనా, ఏ పదవినైనా పంచేటప్పుడు ఆ వస్తువుకు తగిన కారణాన్నే చూడాలి. బంధుత్వం ఆస్తి పంపకానికి తగిన కారణం, కాని శ్రీసభలో పెద్దరికం ఇవ్వడానికి అది కారణం కాదు. ఒకచోట న్యాయమైన కారణమే మరొకచోట పక్షపాతమవుతుంది.

ఈ తూకంలో చిన్నవాడి జాలిని పెట్టి చూడండి. జాలి అన్నం పెట్టడానికి తగిన కారణం, అప్పు మాఫీ చేయడానికి తగిన కారణం. నిప్పులోకి పంపే మనిషిని ఎంచుకోవడానికి తగిన కారణమా? ఊరి బడి బస్సుకు డ్రైవరు కావాలి. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, చూపు మందగించిన మనిషి వచ్చి చేతులు పట్టుకున్నాడనుకుందాం. మన గుండె కరుగుతుంది. అయినా బస్సులో కూర్చునేది మనం కాదు, నలభైమంది పసిపిల్లలు. వారి ప్రాణాలను పణంగా పెట్టి మనం దయామయులమనిపించుకోవడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే. ఆ మనిషికి సాయం చేయాలి, తప్పక చేయాలి. అది మన జేబులోంచి కావాలి, లేదా చూపుతో పనిలేని మరో కొలువుగా కావాలి.

కాబట్టి పెద్దవాడిదే గెలుపా? తొందరపడవద్దు. తోమాసు వారు అక్కడే మరో సంగతి చెబుతారు. ఎన్నుకునేవాడు మనస్సాక్షి ముందు మెరుగైన వానినే ఎన్నుకోవాలి. అయితే ఆ మెరుగు రెండు విధాలు: అన్నివిధాలా మెరుగైనవాడు, లేదా సమష్టి శ్రేయస్సు దృష్ట్యా మెరుగైనవాడు. చదువులోను, పవిత్రతలోను తక్కువైనవాడు కూడా కొన్నిసార్లు సంఘానికి ఎక్కువ ఉపయోగపడవచ్చునని ఆయన ఒప్పుకుంటారు. అంటే ఐదు కోణాల బొమ్మ ఒక్కటి చూసి తేల్చలేం.

ఫినామామ్యాన్ సంగతే తీసుకోండి. అతని దిగులుకు ఆ బొమ్మలో కోణం లేదు. బలముంది గనుక తీసుకుందాం, మనసు దాని పాటికది కుదుటపడుతుందిలే అనుకోవడం మన ఆఫీసుల్లో, మన కుటుంబాల్లో కూడా చూస్తున్నాం. భార్య పోయి నెల తిరక్కముందే పెద్దకొడుకు మీద ఇంటి భారమంతా వేస్తాం, 'వాడు గట్టివాడు' అంటూ. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని జర్మను తత్వవేత్త కాంట్ పట్టుబట్టింది ఇటువంటి చోటనే. జాలితో ఎన్నుకుంటే మూల్యం ఫోను చేసినవాడు చెల్లిస్తాడు. బలం చూసి ఎన్నుకుంటే ఆ బలవంతుడే చెల్లిస్తాడు. పెద్దవాడు ఈ రెండో లెక్క వేయలేదు.

ఇక వాటర్‌బాయ్. అతడిని తీసుకోవడం ఒక్క షరతు మీద న్యాయమవుతుందని నేననుకుంటాను. ఎవరిని ఏ పనికి పంపాలో నిర్ణయించే కుర్చీ రాబర్ట్‌ది. బలహీనుణ్ణి చేర్చుకున్నవాడు అతడిని తగిన పనికే పంపాలి, అనుభవం వచ్చేకొద్దీ బొమ్మ పెరిగేదాకా ఓపికపట్టాలి, ఆ లోపల తక్కిన జట్టును సర్దుకుంటూ, రెట్టింపు జాగ్రత్తతో బోర్డు కనిపెట్టి ఉండాలి. అప్పుడు ఆ దయకు మూల్యం ఎన్నుకున్నవాడే చెల్లించినట్టు. అవకాశమిచ్చి వదిలేస్తే అది దయ కాదు, కుర్రవాణ్ణి నవ్వులపాలు చేయడం. ఆటలో ఈ శ్రమ కొన్ని గంటలది. పని చెడితే మళ్లీ మొదటినుంచి ఆడుకోవచ్చు కూడా. అందుకే అక్కడ దయ చవక. శిష్యుణ్ణి పెట్టుకున్న మేస్త్రీని అడగండి, వంకరగా కట్టిన గోడను పడగొట్టి తిరిగి కట్టడానికి ఎన్ని కూలీలు పోతాయో చెబుతాడు. నన్నడిగితే ఆ షరతుకు ఒప్పుకుని వాటర్‌బాయ్‌నే తీసుకుంటాను. ఫినామామ్యాన్‌కు ఆ సమయంలో ఉద్యోగం కన్న ఊరట అవసరమన్నది అందులో సగం కారణం.

అన్నదమ్ములిద్దరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఎన్నికకు ముందే జట్టులోంచి సోనార్, కూపే అనే ఇద్దరిలో ఒకరిని తీసివేయాలి. అలా తీసివేసిన వ్యక్తి తరువాత ప్రతినాయకుడైన ష్రౌడ్ పక్షాన తేలుతాడు, లేదా తేలుతుంది. ఆట రాసినవారు మనుషులను బాగానే ఎరుగుదురు. ఎవరిని చేర్చుకోవాలన్న దానిమీద రాత్రంతా ఆలోచించే మనం, కాదన్నవానికి ఆ మాట ఎలా చెప్పాలో క్షణం ఆలోచించం. గుమాస్తా చేత కబురంపుతాం, లేదా అసలు చెప్పం. ఇద్దరు అభ్యర్థులు, ఒక్క స్థానం అన్న ఘట్టం మన అపోస్తలుల కార్యములలోనూ ఉంది. యూదా ఖాళీ చేసిన చోటికి బర్సబ్బా అనబడు యోసేపును, మత్తీయను నిలబెట్టారు. ఇద్దరూ యోహాను బప్తిస్మం నాటినుంచి వెంట తిరిగినవారే, ఇద్దరూ తగినవారే. చీటి మత్తీయకు వచ్చింది. చీటి ప్రకారం ఓడినవానికి తాను పనికిరాలేదన్న మాట పడదు, అంతవరకు నయం. ఆ తరువాత యోసేపు ఏమయ్యాడో ఆ గ్రంథం చెప్పదు. పేతురు వెళ్లి అతని పక్కన కాసేపు కూర్చుని ఉంటాడనే నేను అనుకుంటూ ఉంటాను.