విచారణధర్మము

పదిమందికి సంబంధించిన పనిని కొందఱు కూర్చుండి నిర్ణయింపవలసి వచ్చుట సంఘజీవనమున తప్పనిది. బాట యే వీధిగుండ పోవలెను, మురుగుకాలువ యెచట కలియవలెను, పొలమును చేపలచెరువు చేయుటకు అనుమతి నీయవచ్చునా, కచేరి యే యూర నుండవలెను అను ప్రశ్నలకు ఏ యుత్తరము చెప్పినను ఒకరికి లాభమును మఱియొకరికి నష్టమును కలుగును. నష్టపోవువానిని ముందుగా పిలిచి వాని మాట వినవలెనని శాసనములు పెక్కుచోట్ల విధించుచున్నవి. ఇది యేల? నిర్ణయము మంచిదైనచో వినకున్న నేమి? చెడ్డదైనచో వినినంతమాత్రమున మంచిదగునా? వినువాని మనస్సు మాఱుట కవకాశమున్నంతవఱకే దానిని విచారణ యనవచ్చుననియు, ఆ యవకాశము లేనిచో నెన్ని గంటలు కూర్చున్నను అది తంతు మాత్రమే యనియు మా యభిప్రాయము.

నరసాపుర ప్రాంతమువారి కీ విషయము విపులముగా చెప్పనక్కఱలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టాలో ప్రతి కాలువకును పైయూరును శివారు ఊరును ఏర్పడినవి. మంచినీరు శివారు భూమికి కడపట చేరును. పైవారి మురుగునీరు మాత్రము తప్పక చేరును. వసిష్ఠగోదావరి యొడ్డున, సముద్రమునకు చేరువగా నున్న యీ ప్రదేశము శివారులలో శివారు. కార్యాలయమున పటము పఱచుకొన్నవానికి కాలువ యొక నీలిగీతగా కనబడును. ఏ నెలలో ఆ గీతలో నీరు వెనుకకు తన్నునో, ఏ పోటునాడు ఉప్పునీ రెక్కునో పటము చెప్పదు. ఆ గట్టున కాపురమున్నవాడు చెప్పవలెను. కావున వినుట యనునది వచ్చినవానికి చేయు మర్యాద యని తలచుట పొరపాటు. అది మొట్టమొదట నిర్ణయించువాని యవసరము.

ఈ యవసరమును గుర్తింపనిచో నేమగునో భీమవరము చెంతనున్న తుందుర్రులో చూచితిమి. అచట ఆక్వా ఆహారపరిశ్రమ నెలకొల్పబూనగా, దాని వ్యర్థజలము గొంతేరులో కలిసి తమ నీటిని చెఱచునని చుట్టుపట్ల గ్రామములవారు భయపడిరి. అట్టి భయమునకు కారణము లేదని దానిని నిర్మించువారు చెప్పిరి. 2016లో ఆ గ్రామములందు నిషేధాజ్ఞలు విధింపవలసివచ్చినది. ఎవరి మాట నిజమో తేల్చుట నీటిపరీక్ష పని. కాని ఆ పరీక్ష నెచట చేయవలెను, ఎవరి యెదుట చేయవలెను, ఫలితము నెట్లు ప్రకటింపవలెను అనునవి ఉభయపక్షములును ఒప్పుకొనునట్లు ముందుగానే తేల్చుకొనవలసినవి. పోలీసుపహరా నిలిచిన తరువాత ఎంత సత్యమైన మాటయు ఎవరి చెవికిని ఎక్కదు.

2006 సంవత్సరపు పర్యావరణ ప్రకటన తనకు లోబడిన పరిశ్రమల విషయమున ప్రజాభిప్రాయ సేకరణకు చక్కని నియమములు ఏర్పఱచినది. కనీసము 30 దినములు ముందుగా వార్తాపత్రికలలో తెలుపవలెను. పత్రికలు పోనిచోట దండోరా వేయింపవలెను. సభను ఆ స్థలముననే, లేక దానికి మిక్కిలి చేరువగా జరుపవలెను. ఇంతమంది వచ్చిననే సభ యను నిబంధన లేదు. ఒక్కడు వచ్చినను వాని మాట లెక్కింపవలసినదే. సభాంతమున కార్యవివరణమును స్థానికభాషలో చదివి వినిపింపవలెను. ఈ కడపటి నియమము మాకు మిక్కిలి ప్రియమైనది. తాను చెప్పినమాట కాగితము మీద ఏ రూపమున చేరినదో వాడు అచటనే విని, తప్పున్నచో దిద్దుకొనవచ్చును గదా! ఈ ప్రకటన అన్ని పనులకును వర్తింపదు. అయినను శాసనము అడుగనిచోట ధర్మము అడుగకుండునా?

వినువా డెట్టివాడై యుండవలెనో సుప్రీముకోర్టు చెప్పిన గొప్పతీర్పు మన తెలుగుదేశపు వ్యాజ్యెములోనిదే. కృష్ణా జిల్లాలో బస్సుమార్గములను ప్రభుత్వరవాణాసంస్థకు అప్పగించు పథకముపై బస్సు యజమానులు అభ్యంతరములు తెలిపిరి. వానిని విన్నవారు రవాణాశాఖ కార్యదర్శి, నిర్ణయించినవారు ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు వ్యాజ్యెమని పేరుపొందిన ఈ తగవులో 1958లో తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావు గారు. ఒకరు విని మఱియొకరు నిర్ణయించుచో వినుట వ్యర్థమనియు, పథకమునకు సంబంధించిన శాఖవారే దానిపై విచారణకర్తలై కూర్చుండుట న్యాయము కాదనియు ఆయన తేల్చిరి. తరువాత ముఖ్యమంత్రియే స్వయముగా విని నిర్ణయింపగా, 1959లో ఆయనపై మోపబడిన పక్షపాతారోపణమును అదే న్యాయస్థానము అంగీకరింపలేదు. అధికారపదవి యున్నంతనే వినుట కనర్హుడని యెంచరాదు. ఆ వ్యవహారమున వానికి గల సంబంధమును చూడవలెను.

మన భారతకథలో ధృతరాష్ట్రు డీ రెండు దోషములకును ఉదాహరణము. నిద్రపట్టక విదురుని పిలిపించి రాత్రి యెల్ల నీతి వినెను. వినినది సత్యమని యొప్పుకొనెను. తెల్లవాఱిన పిదప చేసినది మాత్రము కుమారుని మాటయే. తగవులో తన కొడుకే యొక పక్షము గనుక వాని చెవులు పనిచేసినను మనస్సు కదలలేదు. నేటి స్థానికసభలలో కూర్చుండు సభ్యుడును తన భూమి, తన బంధువు, తన కాంట్రాక్టు ఆ ప్రస్తావములో నున్నదా యని మొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఉన్నచో లేచి పోవలెను. ఒక పక్షమువారు ముందురాత్రి యింటికి వచ్చి చెప్పిన మాటను మఱునాడు సభలో బయలుపఱుపవలెను. రెండవ పక్షము విననిమాట నిర్ణయములో దాగియుండరాదు.

"ఎంత విన్నను నిర్ణయ మదియే యగును, ఆలస్య మేల?" అని కొందఱు కార్యదక్షు లడుగుదురు. ఆలస్యము వలన నష్ట మున్నదని మేమును ఒప్పుకొందుము. కాని ఫలము మాఱదని ముందే యెఱిగినవా డెవడు? ఢిల్లీ పురపాలకసంఘమొకటి వినకయే రద్దుచేయబడిన వ్యాజ్యెములో, 1980లో చిన్నపరెడ్డి గారు వినకుండుటయే స్వయముగా నష్టమనియు, వేఱు నష్టమును చూపనక్కఱలేదనియు తీర్పు వ్రాసిరి. మఱియొకమాట: వినుటయనగా తలలు లెక్కించుట కాదు. పెద్దగా కేకలు వేసినవారికి లోబడు సభ్యుడును, ఎవరిని లక్ష్యపెట్టని సభ్యుడును సమానముగా ధర్మమును తప్పుచున్నారు.

రాలేనివారి విషయ మేమి? నరసాపుర ప్రాంతమున వేలకొలది స్త్రీలు ఇంటి వాకిట కూర్చుండి లేసు అల్లుచు కుటుంబములను పోషించుచుండగా, ఆ శ్రమ తీరికవేళ కాలక్షేపముగా ఎంచబడెనని మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున చూపెను. పనివారుగా లెక్కకు రానివారు సభలో కక్షిదారులుగా లెక్కకు వత్తురా? కచేరి గోడకు అంటించిన ప్రకటన వారిని చేరదు. వంటవేళ పెట్టిన సభకు వారు రాలేరు. నీరు చెడినచో బిందె పట్టుకొని దూరము నడువవలసిన వారిని వినక నీటిని గూర్చి నిర్ణయించుట యెట్టి విచారణ?

2022 జనవరిలో క్రొత్తజిల్లాల ముసాయిదా ప్రకటింపబడి 30 దినములు అభ్యంతరములకు గడువీయబడినది. జిల్లాకేంద్రము తమకు కావలెనని నరసాపురమువారు ఆందోళన సలిపిరి. ఏప్రిల్ 4న భీమవరము కేంద్రముగా జిల్లా యేర్పడినది. ఏ యూరి హక్కు బలమైనదో మే మిచట తేల్చబోము. రెండూళ్ళు ఒకే కేంద్రము కోరినచో ఒకటి ఓడక తప్పదు. ఓడినవా డింటికి ఏమి కొనిపోవును? తాను చెప్పిన ప్రతి ముఖ్యకారణమునకును వ్రాతమూలమగు సమాధానము వాని చేతిలో నుండవలెను. అది యున్నచో వాడు అసంతుష్టు డైనను అవమానితుడు కాడు. అది లేనిచో గెలిచినవాని గెలుపు కూడ అనుమానాస్పద మగును.

ఈ ధర్మము సభాభవనములలో పుట్టదు. ఆడుబిడ్డ చదువును, కోడలి యుద్యోగమును, వృద్ధురాలి నివాసమును ఆయా వ్యక్తుల నడుగకయే తీర్మానించు గృహములనుండియే రేపటి సభ్యులు వచ్చుచున్నారు. మొదట అడుగుట, విన్నవిధమున మనస్సును మార్చుకొనగలుగుట, మార్చుకొననిచో కారణము చెప్పుట అను మూడును ఇంట అలవడినగాని ఊర అలవడవు.