బల్ల యెవరిది?

మా నెల్లూరు తీరపు పల్లెల్లో ప్రభురాత్రి భోజనాన్ని ‘బల్ల’ అంటారు. చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. అంతే. ఆ ముక్క యెవరికి అందాలి, యెవరికి అందగూడదు అనే ప్రశ్న దేవుణ్ణి నమ్మని మనకెందుకని మిత్రులడగవచ్చు. యెవరి పక్కన యెవరు కూచుని తినాలో శాసించి మనుషుల్ని చీల్చిన దేశం మనది. అందుచేత యీ ప్రశ్న మనది కూడా.

నాకు వరసకు పెద్దమ్మ వొకావిడ వుంది. రొయ్యల చెరువుల్లో కూలి. ముప్ఫయ్యేళ్లుగా ఆదివారం గుడి తప్పలేదు. బల్లనాడు మాత్రం పళ్లెం ఆమెను దాటిపోతుంది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. తీసుకుంటే పేరు రిజిస్టరు కెక్కుతుంది. కొడుకు కులం సర్టిఫికెట్టుకు ముప్పు వస్తుందని భయం. ఆ భయం వుత్తది కాదు. 1950 నాటి రాష్ట్రపతి వుత్తర్వు క్రైస్తవ దళితుల్ని షెడ్యూల్డు కులాల జాబితాలో చేర్చలేదు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ తలుపు తీశారు. క్రైస్తవుడైన దళితుడు ఆంధ్రలో వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో మిగిలాడు. మతం మారితే వూళ్లో అంటరానితనం మారిందా? మారలేదు. మారింది కాగితమే.

పాస్టరుగారు చెడ్డవాడు కాడు. ‘నిబద్ధత లేనిదే బల్లకు అర్థమేముంది?’ అంటాడు. యీ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. మన సంఘాలూ దారిన పోయేవాడికి సభ్యత్వం యివ్వవు. బల్లకు షరతు వుండవచ్చు. యే షరతు అన్నదే ప్రశ్న.

యీ తీరంలో షరతులకు కొదవలేదు. నెల్లూరులో 1840లో శామ్యూల్ డే మొదలుపెట్టిన బాప్టిస్టు మిషను నీట ముంచిన బాప్తిస్మాన్నే బాప్తిస్మమంది. దక్షిణాన గూడూరు, నాయుడుపేట వైపు జర్మను లూథరన్లు పసిబిడ్డల నెత్తిన నీళ్లు చల్లారు. గూడూరు పిల్ల కావలి వైపు కోడలుగా వస్తే, పుట్టింటి బాప్తిస్మం అత్తింటి బల్ల దగ్గర చెల్లకపోవచ్చు. దేవుడొక్కడే, కంచెలు రెండు.

అయితే వొక షరతు వీటికి భిన్నమైంది. తమిళదేశపు గుళ్లలో పైకులాలవారు ముందుగా తాగి, తరవాత పాత్రను దళితులకు వదిలే రోజుల్లో, 1833లో బిషప్ డేనియల్ విల్సన్ కుల భేదాలను పూర్తిగా వదలాలని ఆజ్ఞాపించాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం, యే కులపు క్రైస్తవుడితోనైనా కూచుని తినడానికి సిద్ధపడినవాడే కులం విడిచినట్టు లెక్క అని తేల్చింది. ఆనాడు నెల్లూరు జిల్లాలోనే వున్న ఒంగోలులో క్లౌ దొర ముందు యిదే సమస్య నిలిచింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు పైకులాలవారు. ఆయన మాదిగల్నే యెంచుకున్నాడు. తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య వెంట పల్లెలు కదిలాయి. 1876-78 కరువులో దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం మూడు మైళ్లకు పైగా గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపాడు. కూటి కోసం వచ్చారన్న మాట పడగూడదని అంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. కరువుపని ముగిశాక, 1878 జూలై 3న వొక్కరోజే 2,222 మందికి యిప్పించాడు.

యిక్కడే నాకొక తేడా కనిపిస్తుంది. 1850 నాటి షరతు, యితరుల్ని తోసేవాణ్ణి ఆపింది. నేటి షరతు, తోసివేయబడిన దాన్ని మళ్లీ తోస్తున్నది. రెంటినీ ‘క్రమశిక్షణ’ అనే వొకే మాటతో పిలవడం అన్యాయం.

అయోగ్యంగా తినరాదని కొరింథీయులకు పౌలు రాసిన మాట చూపి పాపుల్ని బల్లకు దూరం చెయ్యడం రివాజు. కాని ఆ అధ్యాయం మొదటినుంచి చదివితే పౌలు కోపం యెవరిమీదో తెలుస్తుంది. వున్నవాళ్లు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే, లేనివాళ్లు ఆకలితో కూచున్నారు. పేదవాణ్ణి సిగ్గుపరచడమే అక్కడి అయోగ్యత. పక్కవాడితో పంచుకోగలవా అన్న ప్రశ్నకు అవునన్న ప్రతివాడికీ బల్ల తెరిచి వుండాలని నా వాదం. మూలాపేట వేణుగోపాలస్వామి గుడి తలుపు దళితులకు తెరవాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష పట్టిన నెల్లూరు యిది. తలుపు తెరవడమంటే యేమిటో యీ వూరికి కొత్తగా చెప్పనక్కరలేదు.

వొక విషయం దాచడం ధర్మం కాదు. బాప్తిస్మం వద్దని పెద్దమ్మకు చెప్పింది నేనే. పిల్లవాడి చదువు ముఖ్యమనుకున్నాను, యిప్పటికీ అనుకుంటున్నాను. కాని ఆ లెక్కలో ఆమె యేం పోగొట్టుకున్నదో నేను వేసుకోలేదు. రొట్టెముక్కే గదా అనుకున్నాను. మొన్న అడిగితే ఆమె యెవరినీ తిట్టలేదు. ‘ఆకలైనోడికి అన్నం పెట్టేటప్పుడు నేను కాయితం అడగను గదా నాయనా’ అన్నది, అంతే.

సర్కారు వొక కాగితం అడుగుతున్నది, గుడి మరో కాగితం అడుగుతున్నది. 1950 వుత్తర్వులోని ఆ షరతు తొలగించమని పోరాడడం మన పని. అది తొలిగేదాకా పళ్లెం ఆమె ముందు ఆపడం గుడి పని. రెండోది చెయ్యడానికి యే చట్టమూ మారనక్కరలేదు.