బాగున్న కంటికి కోత

మూత్రాశయంలో రాయి ముదిరిన రోగికి కోత పెట్టేముందు వైద్యుడు ఏం చేయాలో సుశ్రుత సంహిత చెబుతుంది. కోయకపోతే చావు ఖాయం. కోస్తే బతుకుతాడో లేదో చెప్పలేం. అందుకని ముందు ప్రభువుకు విన్నవించుకుని, ఆ తర్వాతే శస్త్రం పట్టమంటుంది. ప్రాణం మీదికి వచ్చిన వేళ కూడా కత్తి పట్టినవాడు ఒకరికి జవాబు చెప్పాలన్న గ్రంథం అది. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇరవై మూడేళ్ల అమ్మాయి లేజర్ సర్జరీ బల్ల మీద పడుకునేసరికి పరిస్థితి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కోయకపోతే ఆమెకు పోయేదేమీ లేదు. కళ్లజోడు పెట్టుకుంటే గోడ మీది పటంలో చివరి వరస దాకా తడుముకోకుండా చదివేస్తుంది. అలాంటి కంటికి కోత పెట్టడం ఏ ధర్మం కిందికి వస్తుంది?

ఈ సర్జరీ లక్షల మందికి మేలు చేసింది, ఇంకా చేస్తుంది. అయినా ప్రశ్న ప్రశ్నే.

మనిషి తన చూపును తాను సరిదిద్దుకుంటానంటే మతాలు పెద్దగా అడ్డు చెప్పలేదు. 1306 ఫిబ్రవరిలో ఫ్లోరెన్స్ నగరంలో జోర్డానో ద పీసా అనే డొమినికన్ సన్యాసి ప్రసంగిస్తూ, కళ్లద్దాలు చేసే విద్య పుట్టి ఇంకా ఇరవై ఏళ్లు కాలేదని, లోకానికి ఎంతో అవసరమైన విద్యల్లో అదొకటని మెచ్చుకున్నాడు. కళ్లజోడు ఎప్పుడు పుట్టిందో తేల్చడానికి చరిత్రకారులు ఇప్పటికీ ఆ ప్రసంగాన్నే చూపిస్తారు. మన వైపు చూస్తే, శ్రీకృష్ణదేవరాయలు గురువుగా కొలిచిన వ్యాసరాయలు కళ్లద్దాలతో గ్రంథం చదివినట్టు సోమనాథ కవి వ్యాసయోగి చరితంలో వర్ణన ఉందని పరిశోధకులు గుర్తించారు. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి కంటి జబ్బు తగ్గాలని మొక్కుకునేవాళ్లే కంటి డాక్టరు దగ్గరికీ వెళ్తారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డని వాళ్లెవరికీ అనిపించదు, అనిపించాల్సిన పని కూడా లేదు.

కళ్లజోడు పెట్టుకునేది, తీసి పక్కన పెట్టేది. లేజర్ మాత్రం ఒంటినే మారుస్తుంది. ధర్మశాస్త్రాలు ఆగి ఆలోచించింది ఇక్కడే. దేవుడి సృష్టిని మార్చకూడదన్న నియమం ఇస్లాంలో ఉంది. లోపాన్ని సరిచేసే చికిత్సకు అది వర్తించదని, ఒట్టి అలంకారానికైతే వర్తిస్తుందని పండితులు విడదీసి చెబుతారు. చూపు దిద్దే లేజర్‌ను చికిత్స కిందే జమకట్టినవాళ్లు ఎక్కువ. యూదుల ధర్మశాస్త్రం ఇంకో వైపు నుంచి వచ్చింది. తన ఒంటిని తాను అకారణంగా గాయపరచుకోకూడదన్నది అక్కడి నియమం. ఇరవయ్యో శతాబ్దంలో ఒక అమ్మాయి, పెళ్లి కుదరడానికి అందం కోసం సర్జరీ చేయించుకోవచ్చా అన్న సంగతి న్యూయార్క్‌లోని రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ ముందుకు వచ్చింది. చేయించుకోవచ్చన్నాడాయన. ఆమె మేలు కోసం, ఆమె ఇష్టంతో జరిగే కోత గాయం కిందికి రాదన్నది ఆయన తర్కం. జెరూసలేంలో రబ్బీ ఎలియెజర్ వాల్డెన్‌బర్గ్ దీన్ని ఒప్పుకోలేదు. వైద్యుడికి దేవుడిచ్చిన అనుమతి రోగం నయం చేసేంత వరకేనని, అందానికి కోయడం ఆ హద్దు దాటడమని గట్టిగా చెప్పాడు.

మన ఇళ్లల్లో జరిగే సంభాషణకు ఈ వాదం ఎంత దగ్గరగా ఉందో చెప్పనక్కర్లేదు. దాని సంగతి తేల్చేముందు, అసలు ఏం కోస్తారో తెలియాలి.

నల్లగుడ్డుకు ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, సుమారు 520 నుంచి 540 మైక్రాన్లు. కాంతిని వంచి లోపలి రెటీనా మీదికి చేర్చే పనిలో మూడింట రెండు వంతులు దీనిదే. కాబట్టి దీని వంపు మారిస్తే పవర్ మారుతుంది. పీఆర్‌కే పద్ధతిలో పైనున్న పలుచటి పొరను తీసేసి లేజర్‌తో చెక్కుతారు. ఆ పొర మళ్లీ పెరిగేదాకా కొన్ని రోజులు మంట, నొప్పి భరించాలి. లాసిక్‌లో 100 నుంచి 120 మైక్రాన్ల రేకును మూతలా లేపి, కింద చెక్కి, మళ్లీ కప్పేస్తారు. మర్నాటికే చూపు తేటపడుతుంది కాబట్టి దానికి అంత పేరొచ్చింది. స్మైల్‌లో రేకు లేపరు. కార్నియా లోపలే సన్నని బిళ్లను ఫెమ్టోసెకండ్ లేజర్‌తో విడదీసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటులోంచి బయటికి తీస్తారు. కార్నియా పలుచగా ఉన్నవాళ్లకు, పవర్ మరీ ఎక్కువున్నవాళ్లకు ఐసీఎల్ ఉంది. ఇందులో కార్నియాను చెక్కరు. సహజ కటకం ముందు ఇంకో కటకం అమరుస్తారు. అవసరమైతే దాన్ని వెనక్కి తీసేయవచ్చు. అయితే అది కంటి లోపల చేసే సర్జరీ, దాని ప్రమాదాలు దానికున్నాయి. మిగిలిన మూడింటిలో కార్నియా నుంచి చెక్కి తీసేసిన భాగం తిరిగి రాదు.

లెక్క చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో డయాప్టర్ పవర్‌కు సుమారు 12 మైక్రాన్లు పోతాయి. మైనస్ 5 ఉన్న కంటిలో 60, మైనస్ 8 ఉంటే 96. లాసిక్ రేకు కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది పాత లెక్క, 300 ఉండాలని ఇప్పుడు చాలామంది సర్జన్లు పట్టుబడతారు. కార్నియా 480 మైక్రాన్లే ఉండి, పవర్ మైనస్ 8 ఉన్న మనిషికి రేకుకు 110 పోయి, చెక్కడానికి 96 పోతే మిగిలేది 274. కార్నియా బలహీనపడి ముందుకు ఉబికే కెరటోకోనస్ జాడలున్నా, పవర్ ఇంకా మారుతూ ఉన్నా, గర్భిణి అయినా, కళ్లు బాగా పొడిబారుతున్నా సర్జరీ వద్దనో, ఇప్పుడు వద్దనో చెప్పాలి. ఫీజు కట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి వద్దని చెప్పగలిగిన డాక్టరు సుశ్రుతుడి దారిలో ఉన్నట్టే.

ఈ లేజర్ విద్య పుట్టుకలో మద్రాసులో పుట్టిన శాస్త్రవేత్త పాత్ర ఉంది. రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలో ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేసేవారు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబ్‌కు తీసుకెళ్లి, 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ కింద పెట్టారు. చుట్టుపక్కల కమిలిపోకుండా గాటు నున్నగా తెగింది. సహచరులు శామ్యూల్ బ్లమ్, జేమ్స్ విన్‌లతో కలిసి చేసిన ఆ పని, రెండేళ్లకు కంటి వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ ద్వారా కార్నియా దాకా వచ్చింది. కుందేళ్ల మీద, కోతుల మీద ప్రయోగాలు నడిచాయి. తర్వాత చూపున్న మనిషి కన్ను కావాలి. అంత తెలియని విద్యకు బాగున్న కన్ను ఎవరిస్తారు?

1988లో అమెరికాలోని లూసియానాలో ఒక పెద్దావిడ ఇచ్చింది. కంటి గుంటలో పెరిగిన క్యాన్సర్ వల్ల ఆమె కన్ను తీసేయక తప్పని స్థితి. కన్నుకు చూపు మాత్రం చక్కగా ఉంది. ఎలాగూ పోయే కన్ను ఎవరికైనా పనికొస్తే మంచిదని తనంతట తానే ముందుకు వచ్చింది. డాక్టర్ మార్గరీట్ మెక్‌డొనాల్డ్ ఆ కంటికి లేజర్ చేసి, కొద్ది రోజులు అది మానే తీరు చూశారు. ఆ తర్వాత అనుకున్న ప్రకారం కన్ను తీసేశారు. ఆ సర్జరీ వల్ల ఆమెకు ఒరిగింది ఏమీ లేదు.

శ్రీకాళహస్తిలో తిన్నడు శివలింగం కంట నెత్తురు చూసి, బాణంతో తన కన్ను పెకలించి ఇచ్చిన కథ తెలుగువాళ్లకు ధూర్జటి దగ్గర్నుంచి సినిమాల దాకా సుపరిచితం. కన్ను ఇవ్వడమంటే ఏమిటో ఆ కథ మనకు నేర్పింది. లూసియానా పెద్దావిడ దానాన్ని ఆ వరసలోనే పెట్టవచ్చు. ఇవాళ కళ్లజోడు తీసేసి హాయిగా తిరుగుతున్న ప్రతి ఒక్కరూ ఆమెకు రుణపడి ఉన్నారు. ఆ రుణం తీర్చుకునే దారీ ఉంది. లేజర్ చేయించుకున్న కన్నును దానం చేయకూడదని చాలామంది అనుకుంటారు. చేయవచ్చు. కార్నియా మొత్తాన్ని మార్చే సర్జరీకి పనికిరాకపోయినా, దాని లోపలి పొర వేరొకరికి చూపు తెప్పించగలదు.

వైద్యుడి వైపు ధర్మం సత్యం చెప్పడం. ఇందులో ఈ రంగం చరిత్ర ఎప్పుడూ నిష్కళంకం కాదు. జపాన్‌లో త్సుతోము సాటో కార్నియాకు లోపలి నుంచి కూడా గాట్లు పెట్టాడు. చాలామందికి ఏళ్లు గడిచాక కార్నియా మసకబారింది. 1970లలో మాస్కోలో స్వ్యాతోస్లావ్ ఫ్యొదొరోవ్ ప్రచారంలోకి తెచ్చిన గాట్ల పద్ధతిని అమెరికాలో పదేళ్లు గమనిస్తే 43 శాతం కళ్లలో పవర్ ప్లస్ వైపు ఒక డయాప్టరో, అంతకు మించో జరిగింది. ఇప్పటి లేజర్ వాటికంటే ఎంతో మెరుగు. అమెరికా ఎఫ్‌డీఏ చేయించిన ప్రౌల్ అధ్యయనంలో 95 శాతానికి పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. అదే అధ్యయనంలో, సర్జరీకి ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో 40 శాతానికి పైగా మూడు నెలల తర్వాత దీపాల చుట్టూ వలయాలో, మెరుపులో, ఇంకో కొత్త లక్షణమో చెప్పారు. దానివల్ల రోజువారీ పనులు బాగా కష్టమయ్యాయన్నవాళ్లు ఒక శాతం కంటే తక్కువ. మొదటి అంకె ఒక్కటే చెబితే ప్రకటన అవుతుంది. రెండోది ఒక్కటే చెబితే బెదిరింపు అవుతుంది. మూడూ కలిపి, రోగి మాట్లాడే భాషలో, తొందరపెట్టకుండా చెప్పడం సత్యం అవుతుంది.

ఇక చేయించుకునేవాళ్ల ధర్మం. వేదాంతం కన్నును పనిముట్టు అంటుంది. చూసేవాడు వేరు. కేనోపనిషత్తు ఆరంభంలోనే ఆ ప్రశ్న ఉంది. పనిముట్టును బాగుచేసుకుంటే దోషం లేదు. ఈతగాడికి, మంటల ముందు పనిచేసే ఫైర్‌మన్‌కు, అద్దాలు ముక్కు మీద నిలవక బాధపడేవాళ్లకు ఈ సర్జరీ నిజంగా అవసరమే. మరి ఆ చూపు దేనికి అన్న ప్రశ్న మాత్రం మన కథలు వదలలేదు. యుద్ధం చూడమని వ్యాసుడు చూపు ఇస్తానంటే ధృతరాష్ట్రుడు వద్దన్నాడు, బంధువుల చావు చూడలేనన్నాడు. కళ్లు పోగొట్టుకున్న తన శిష్యుడు కూరత్తాళ్వాన్‌ను కంచి వరదరాజస్వామి దగ్గర చూపు అడగమని రామానుజులు పంపితే, ఆయన తన కష్టానికి కారణమైన మనిషికి సద్గతి అడిగి వచ్చాడు. ఇద్దరూ తమకు ఏం కావాలో తామే తేల్చుకున్నారు. ఆ స్వేచ్ఛే ఇక్కడ ప్రాణం.

పెళ్లిచూపులకు ముందు ‘అద్దాలు తీయించేద్దాం’ అని ఇంట్లోవాళ్లు నిర్ణయించే సర్జరీలో ఆ స్వేచ్ఛ ఉండదు. అబ్బాయి కళ్లజోడు చదువుకు గుర్తుగా, అమ్మాయి కళ్లజోడు లోపంగా కనిపించే ఇల్లు ఇంకా ఉంది. ఫైన్‌స్టైన్ అనుమతి నిలబడింది ఆమె మేలు కోసం, ఆమె ఇష్టంతో అన్న షరతు మీద. ఆ ఇష్టం లేకపోతే వాల్డెన్‌బర్గ్ మాటే నిజం. ఎవరి కోసమో ఆమె కార్నియాలో 60 మైక్రాన్లు తీసేయడం అధర్మమే, డాక్టరు ఎంత నైపుణ్యంతో చేసినా. పరీక్షల గదిలో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి ‘మీకు నిజంగా కావాలా?’ అని అడగడం కార్నియా మందం కొలిచినంత ముఖ్యమైన పరీక్ష.

తనంతట తానుగా కోరుకుని చేయించుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నలభై దాటాక చత్వారం అందరికీ వచ్చినట్టే వాళ్లకూ వస్తుంది, చదవడానికి అద్దాలు కావాల్సి వస్తాయి. ఇంకా పెద్దయ్యాక శుక్లాలు వస్తే లోపల పెట్టే కటకం పవర్ లెక్కగట్టడం, లేజర్‌తో చెక్కిన కార్నియా విషయంలో కష్టం. అప్పటి డాక్టరుకు సర్జరీకి ముందున్న పవర్, కార్నియా కొలతలు చాలా ఉపయోగపడతాయి. కాబట్టి ఆసుపత్రి నుంచి ఆ పాత రిపోర్టులు అడిగి తీసుకుని, ఇంటి కాగితాలతో పాటు జాగ్రత్తగా దాచుకోండి.